పాత ఎంజీబీకి అయిదు గేర్ల బాక్స్ ఎక్కించడం ఎలా

మా షెడ్డు పాలకొల్లులో, కాలువ గట్టు రోడ్డు మీద. పని మా బాబాయి దగ్గర నేర్చుకున్నాను. ఆయన జీవితమంతా అంబాసిడర్లతోనే గడిచింది. తణుకు వైపు నుంచి ఒక రైస్ మిల్లు ఆసామి రెండు సీట్ల ఎర్ర ఎంజీబీని (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) లారీ మీద వేయించుకుని వచ్చిన రోజున బాబాయి బానెట్ ఎత్తి, ఓ నిమిషం చూసి, "ఒరే, ఇది మన అంబాసిడర్ ఇంజినేరా. కోటు తొడుక్కుందంతే" అన్నాడు.

ఆ మాటలో నిజం ఉంది. అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి తిరిగిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిను, బ్రిటన్‌లో 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారు ఇంజిను ఒకే తల్లి పిల్లలు. రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్. 1962లో వచ్చిన ఎంజీబీలో దాన్నే 1798 సీసీకి పెంచారు. అంబాసిడర్ విప్పి బిగించిన చెయ్యి ఎంజీబీ దగ్గర బెదరక్కర్లేదు.

ఆసామి బాధ ఒక్కటే. కారుకి ఉన్నవి నాలుగే గేర్లు. రావులపాలెంలో హైవే ఎక్కి తొంభై దాటిస్తే ఇంజిన్ గోల పెట్టేస్తుంది, పక్కన కూర్చున్న ఆవిడ మాట వినపడదు. "అదీ మంచిదే కదండీ" అనబోయిన మా కుర్రాణ్ణి కళ్లతోనే ఆపాను. ఇంగ్లండ్‌లో ఉన్న వాళ్లబ్బాయి ఫోర్డ్ సియెర్రా కార్లలో వచ్చిన టైప్ 9 అయిదు గేర్ల బాక్సు, దాన్ని ఎంజీబీకి కలిపే కిట్టు పంపిస్తానన్నాడట. ఆ పని ఎలా చేశామో, మీరు చేస్తే ఎలా చేయాలో రాస్తున్నాను. మీ కారు వేరే కావచ్చు, బాక్సు వేరే కావచ్చు. ఇంజిన్ ముందుండి వెనక చక్రాలు లాగే ఏ బండికైనా పని వరస ఇదే.

ముందు లెక్క, తర్వాతే పానా

చాలామంది ముందు బాక్సు కొనేసి తర్వాత లెక్క వేస్తారు. మీరు తిరగేసి చేయండి. దీనికి కావలసింది సుద్దముక్క, టేపు, ఫోన్లో కాలిక్యులేటర్.

కారుని చదునైన నేల మీద పెట్టి, వెనక టైరు నేలకి ఆనిన చోట టైరు మీదా నేల మీదా గీత గీయండి. మీరు సీట్లో కూర్చుని ఉండగా, ఎవరిచేతనైనా టైరు సరిగ్గా ఒక చుట్టు తిరిగేదాకా కారుని తోయించండి. రెండో గీత పెట్టి దూరం కొలవండి. 165 ఆర్14 టైర్లతో మాకు 1.9 మీటర్లు వచ్చింది. గంటకు 100 కిలోమీటర్లంటే నిమిషానికి 1,667 మీటర్లు. దాన్ని 1.9తో భాగిస్తే చక్రం నిమిషానికి 877 చుట్లు తిరుగుతుంది. ఎంజీబీ వెనక యాక్సిల్ నిష్పత్తి 3.909, అంటే చక్రం ఒక చుట్టుకి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లే పొడుగు కడ్డీ) దాదాపు నాలుగు చుట్లు. నాలుగో గేరు నిష్పత్తి 1.00 కాబట్టి ఇంజిన్ కూడా అంతే తిరుగుతుంది. 877ని 3.909తో హెచ్చిస్తే సుమారు 3,430 ఆర్‌పీఎం. గోల ఎందుకో ఇక్కడే తేలిపోయింది.

టైప్ 9లో అయిదో గేరు 0.82. 3,430ని దానితో హెచ్చిస్తే 2,810. అదే వందలో ఇంజిన్ నిమిషానికి 600 చుట్లు తక్కువ తిరుగుతుంది. ఆసామి కొనుక్కుంటున్నది ఈ 600 చుట్లే. అది ఆయనకి ముందే చెప్పాలి. అయిదో గేరు వేస్తే కారు జోరు పెరుగుతుందని అనుకునేవాళ్లు ఉంటారు. పెరగదు. శబ్దం తగ్గుతుంది, నిలకడ వేగంలో పెట్రోలు కాస్త మిగులుతుంది.

ఇప్పుడు మొదటి గేరు చూడండి. అందరూ మర్చిపోయేది ఇదే. ఎంజీబీ అసలు బాక్సులో, నాలుగు గేర్లకీ సింక్రో (గేరు గరగరమనకుండా పడే అమరిక) ఉన్న తర్వాతి రకంలో, మొదటి గేరు 3.44. నాలుగు సిలిండర్ల సియెర్రా టైప్ 9లో అది 3.65. అంటే కొత్త మొదటి గేరు ఇంకా పొట్టి. కారు ఇలా కదలగానే అలా రెండులోకి మార్చాలి. ఘాట్ రోడ్డుకైతే అది వరమే. మనకి కొండలెక్కడివి? డెల్టాలో ఎత్తంటే ఏటిగట్టు ఎక్కే ర్యాంపే. అదే టైప్ 9లో 2.8 లీటర్ల వీ6 ఫోర్డ్ కోసం చేసిన రకానికి మొదటి గేరు 3.36. తేలిక కారుకి నా ఓటు దానికే. కాకపోతే వీ6 రకానికి ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ వైపు నుంచి బాక్సులోకి తిప్పుడు తెచ్చే కడ్డీ) పొడవెక్కువ, కిట్టు కూడా దానికి తగ్గదే కావాలి. మాకు నాలుగు సిలిండర్ల రకమే వచ్చింది. ఆసామి సరేనన్నాడు.

మాజ్దా ఎంఎక్స్-5 అయిదు గేర్ల బాక్సుని ఎంజీబీలో పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. అందులో మొదటిది 3.136, అయిదోది 0.814. లెక్క ప్రకారం ఎంజీబీకి అదే ఇంకా బాగా నప్పుతుంది. దొరకడం, కిట్టు ఖరీదు వేరే సంగతి.

ఇంకో మాట. మీ ఎంజీబీకి లేకాక్ ఓవర్‌డ్రైవ్ (అదే గేరులో ఇంజిన్ చుట్లు తగ్గించే అదనపు అమరిక) ఉందేమో ముందు చూసుకోండి. చాలా కార్లకి అది ఆప్షన్‌గా వచ్చింది. అది పనిచేస్తే నాలుగో గేరు మీద సుమారు 0.8 నిష్పత్తి అప్పటికే మీ చేతిలో ఉంది. పాడైతే బాగు చేయించుకోండి. దాన్ని పీకి అయిదు గేర్లు పెట్టడం డబ్బుని కాలవలో పోసినట్టే.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అందుకని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఉన్న భాగాలు కదపకండి, ఛాసిస్‌ని కోయకండి. పని మొదలెట్టక ముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా తెలపండి. తర్వాత క్లెయిమ్ వేళ టెన్షన్ ఉండదు.

కిట్టు విప్పాక

పార్సిల్ రాగానే కారు విప్పేయకండి. అన్నీ ఒక గోనెపట్టా మీద పరచి చూసుకోండి. బెల్ హౌసింగ్ (ఇంజినుకీ బాక్సుకీ మధ్య క్లచ్‌ని కప్పే డొప్ప), క్లచ్ ప్లేటు, పైలట్ బుష్, రిలీజ్ బేరింగ్ (క్లచ్ తొక్కినప్పుడు దాన్ని విడదీసేది), కింద బాక్సుని మోసే క్రాస్ మెంబరు, స్పీడో కేబులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందుకొస, బోల్టులు. టైప్ 9ని ఇంతమంది ఇన్ని రకాల కార్లలో పెట్టడానికి ఒక కారణం దాని బెల్ హౌసింగ్ విడిగా ఊడిరావడం. ఫోర్డ్ హౌసింగ్ తీసేసి, మన ఇంజినుకి సరిపడే హౌసింగ్ బిగించుకోవచ్చు.

మీ ఇంజిన్‌కి మెయిన్ బేరింగులు మూడా, అయిదా అన్నది కిట్టు ఆర్డర్ చేసేటప్పుడే చెప్పాలి. 1964 చివరి నుంచి ఎంజీబీకి అయిదు బేరింగుల క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇంజిన్ ఇరుసు) వచ్చింది. దాన్ని బట్టి క్రాంక్ వెనకవైపు మారుతుంది.

క్లచ్ ప్లేటు తీసుకుని కొత్త బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ మీద జార్చి చూడండి. పళ్ల మీద నూనె పూసినట్టు జారాలి. తర్వాత అదే ప్లేటుని మీ ప్రెజర్ ప్లేటు మీద పెట్టి సైజు చూడండి. ఈ రెండు నిమిషాల పని చేయకుండా కారు విప్పి, తప్పు ప్లేటు వచ్చిందని తెలిసి, కొత్తది వచ్చేదాకా నెలన్నర షెడ్డులో చోటు పోగొట్టుకున్న సందర్భం నాకుంది.

ఊడదీయడం

ఎంజీబీలో గేర్ బాక్సుని కింది నుంచి దించుదామని చూడకండి. బాడీ కింద అడ్డంగా ఉన్న క్రాస్ మెంబరు దారివ్వదు. ఇంజిను, బాక్సు కలిపే పైకి తీయాలి. రెండూ కలిసి సుమారు 200 కిలోలు. మన వైపు ఇంకా తాటి దూలానికి చైన్ కప్పీ వేలాడదీసే షెడ్లున్నాయి. చెదలు తిన్న దూలం ఏ క్షణాన ఏమవుతుందో చెప్పలేం. ఇనప గర్డరుకి కట్టండి, లేదా ఇంజిన్ క్రేన్ అద్దెకి తెచ్చుకోండి. కారు కింద దూరే ప్రతిసారీ స్టాండ్లు ఉండాలి. ఒట్టి జాకీ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ముందు బ్యాటరీ వైర్లు తీయండి. 1974 దాకా వచ్చిన ఎంజీబీల్లో సీట్ల వెనక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలుంటాయి. 1967కి ముందు కారైతే పాజిటివ్ ఎర్త్, అది గుర్తుపెట్టుకోండి. తర్వాత బానెట్, రేడియేటర్, కార్బురేటర్లు, ఎగ్జాస్టు పైపు. క్లచ్ స్లేవ్ సిలిండరుని (క్లచ్ ఫోర్కుని నెట్టే చిన్న సిలిండరు) పైపు విప్పకుండానే హౌసింగ్ నుంచి ఊడదీసి తాడుతో పక్కకి కట్టేయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ నాలుగు బోల్టులు తీసేముందు ఫ్లాంజుల మీద పెయింటుతో గీత పెట్టండి. ప్రతి వైరుకీ చీటీ కట్టండి. మా బాబాయి చీటీ కట్టేవాడు కాదు, అన్నీ గుర్తుండేవి. మీరు మా బాబాయి కాదు, నేనూ కాదు.

పాత బాక్సులో నూనె ముందే దించేయండి. ఎంజీబీ బాక్సులో పోసేది ఇంజిన్ ఆయిలే, 20డబ్ల్యూ50. కప్పీ మీద ఇంజిన్ ముందువైపు లేచి, బాక్సు తోక బాగా కిందికి వాలాలి. ఆ వాటంలోనే బయటికొస్తుంది. దించకపోతే ఆ నూనె తోక నుంచి మీ చొక్కా మీదికే.

బయటికొచ్చాక ఇంజిన్ వెనక సీలు మార్చేయండి. ఇప్పుడు దాని ఖరీదు కొద్దిగా. ఆర్నెల్ల తర్వాత అదే సీలు కారితే ఖరీదు ఈ పనంతా మళ్లీ.

పైలట్ బుష్: చపాతీ పిండితో ఒక పరీక్ష

క్రాంక్ చివర మధ్యలో చిన్న కంచు బుష్ ఉంటుంది. బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కు అందులో ఆనుతుంది. పాతది ఎంజీ షాఫ్టుకి సరిపోయేది, కొత్తది ఫోర్డ్ ముక్కుకి సరిపోయేది. పాత బుష్ తీయకుండా కొత్త బాక్సు తోస్తే చెడేది రెండూ.

తీయడానికి పుల్లర్ అక్కర్లేదు. బుష్ కన్నం నిండా గట్టి గ్రీజు కూరండి. ఆ కన్నానికి బిగువుగా పట్టే ఇనప కడ్డీ పెట్టి సుత్తితో కొట్టండి. గ్రీజుకి పోయే దారి లేక బుష్ వెనక్కి చేరి దాన్ని బయటికి నెడుతుంది. మళ్లీ గ్రీజు కూరండి, మళ్లీ కొట్టండి. మూడు నాలుగు సార్లకి జారి వచ్చేస్తుంది. కడ్డీ వదులైతే గ్రీజు మీ మొహం మీద పడుతుంది, అంతే. కన్నంలో మిగిలిన గ్రీజంతా గుడ్డతో తుడిచేయండి.

కొత్త బుష్ నూనె పీల్చే కంచు. ముందు రోజు రాత్రే ఇంజిన్ ఆయిల్లో వేసి ఉంచండి. కొట్టేటప్పుడు నేరుగా సుత్తితో కాకుండా, దాని అంచుకి సరిపడే ముక్క ఆనించి కొట్టండి.

ఇప్పుడు ముక్కు ఎంత లోపలికి వెళ్తోందో చూడాలి. బుష్ వెనక క్రాంక్ కన్నంలో చిన్న చపాతీ పిండి ముద్ద పెట్టండి. క్లచ్ లేకుండా హౌసింగ్, బాక్సు ఒకసారి పూర్తిగా కలిపి, మళ్లీ తీసి పిండి చూడండి. అది పూర్తిగా నలిగిపోయి షాఫ్ట్ ముక్కు గుర్తు ఇనుము మీద పడితే, షాఫ్ట్ క్రాంకుని నెడుతోందన్నమాట. అలా తిప్పితే క్రాంక్ అటూ ఇటూ ఆడకుండా పట్టే థ్రస్ట్ బేరింగ్ తినేస్తుంది. మాకు పిండిలో రెండు మూడు మిల్లీమీటర్లు మిగిలింది. చాలు. కన్నం శుభ్రంగా గీకేయడం మరవకండి. పిండి కోసం ఇంట్లో అడిగితే ఏమంటారో నేను చెప్పలేను. మా ఇంట్లో మాత్రం గిన్నె షెడ్డుకి తీసుకెళ్లొద్దన్నారు.

డయల్ గేజు లేకుండా ముందుకెళ్లొద్దు

మొత్తం పనిలో అసలు మెలిక ఇదే. కంపెనీ బాక్సు కంపెనీ ఇంజినుకి బిగిస్తే, క్రాంక్ మధ్య గీత, బాక్సు షాఫ్ట్ మధ్య గీత ఒకే లైన్లో ఉండేలా డోవెల్ పిన్నులు (రెండు భాగాలని సరైన చోట కూర్చోబెట్టే పిన్నులు) చూసుకుంటాయి. మీరు మధ్యలో కొత్త హౌసింగ్ పెడుతున్నారు. అది లేత్ మీద ఎంత బాగా చేసినా, మీ ఇంజిన్ బ్లాకు మీద అది ఎక్కడ కూర్చుంటుందో చేసినవాడికి తెలియదు. గీతలు తప్పితే మొదటి రోజు ఏమీ తెలియదు. రెండు మూడు వేల కిలోమీటర్ల తర్వాత బాక్సు ముందు బేరింగ్ ఈలవేస్తుంది, నాలుగులోంచి గేరు జారిపోతుంది, పైలట్ బుష్ గుడ్డులా అరుగుతుంది. అప్పుడు అందరూ బాక్సుని తిడతారు.

హౌసింగ్ ఒక్కటే ఇంజినుకి బిగించండి, బాక్సు వద్దు. అయస్కాంతం అడుగున్న డయల్ గేజుని ఫ్లైవీలు మీద కూర్చోబెట్టండి. గేజు వేలు హౌసింగ్ మధ్య గుండ్రటి కన్నం లోపలి అంచుకి ఆనాలి. స్పార్క్ ప్లగ్గులు తీసేసి ఇంజిన్‌ని చేత్తో మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. నాలుగు దిక్కులా ముల్లు ఎంత చూపిందో సుద్దతో హౌసింగ్ మీదే రాసుకోండి. ముల్లు మొత్తం కదలిక 0.15 మిల్లీమీటర్ల లోపుంటే నాకు నిద్రపడుతుంది. 0.25 దాటితే సరిచేయనిదే కదలను. అసలు తప్పు ముల్లు చూపిన దానిలో సగం.

మాకు మొదటిసారి 0.4 వచ్చింది. అందరం గేజునే అనుమానించాం. ఇంకోసారి తిప్పితే మళ్లీ అదే 0.4. హౌసింగ్ ఊడదీసి చూస్తే బ్లాకు అంచున పాత గాస్కెట్ ముక్క వేలిగోరంత అంటుకుని ఉంది. గీకి బిగిస్తే 0.18కి దిగింది. అందుకే ముందు శుభ్రం, తర్వాత గేజు. అప్పటికీ తగ్గకపోతే డోవెల్ పిన్నులు తీసేసి, బోల్టులు వదులుగా పెట్టి, చెక్క సుత్తితో హౌసింగ్‌ని జరుపుతూ గేజు చూసి, లైనుకొచ్చాక కన్నాలు రీమ్ చేసి కొత్త పిన్నులు కొట్టించాలి. భీమవరంలో రొయ్యల చెరువుల ఏరేటర్ గేర్ బాక్సులు బాగుచేసే లేత్ కుర్రాళ్లున్నారు. మా 0.18ని 0.12కి తెచ్చింది వాళ్లలో ఒకడే. "ఆయ్, సాయంత్రానికి అయిపోద్దండి" అన్నాడు. మర్నాడు సాయంత్రానికి అయింది, పని మాత్రం కడిగిన ముత్యం.

హౌసింగ్ వెనక ముఖం కూడా గేజుతో చూడండి. బాక్సు ఆనే ఆ ముఖం వంకరుంటే షాఫ్ట్ ఏటవాలుగా వెళ్తుంది.

క్లచ్, కలపడం

ఫ్లైవీలు ముఖం మీద నీలి మచ్చలు, గీతలు ఉంటే లేత్ మీద పలచగా తీయించండి. ఎంత తక్కువ తీస్తే అంత మంచిది. క్లచ్ ప్లేటులో ఫ్లైవీలు వైపు ఏది అన్నది ప్లేటు మీదే రాసి ఉంటుంది, తిరగేస్తే స్ప్రింగులు బోల్టులకి తగులుతాయి. ప్లేటుని మధ్యకి తేవడానికి కొయ్య కడ్డీకి ఇన్సులేషన్ టేపు చుట్టి సరైన మందానికి తెచ్చుకోవచ్చు. పాత ఫోర్డ్ ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్క దొరికితే ఇంకా మేలు. ప్రెజర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, ఒక్కో చుట్టు చొప్పున బిగించండి.

బాక్సుని ఇంజినుకి కలిపేటప్పుడు ఒకరు వెనక ఎత్తిపట్టుకోవాలి, ఒకరు పక్క నుంచి సందు చూడాలి. సందు చుట్టూ సమానంగా ఉండాలి. చివరి అర అంగుళం దగ్గర ఆగిపోతే బోల్టులు పెట్టి లాగేయాలనిపిస్తుంది. వద్దు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక బాక్సుని అలాగే బోల్టుతో లాగాను. అల్యూమినియం చెవి 'టిక్' మంది. ఆ శబ్దం విన్న బాబాయి ఏమీ అనలేదు, ఆ రోజు మాకు భోజనం తెప్పించలేదంతే. ఆగిందంటే పళ్లు పళ్లలో పడలేదు, లేదా ప్లేటు మధ్యలో లేదు. బాక్సుని టాప్ గేర్లో పెట్టి, తోక దగ్గర షాఫ్ట్‌ని కొద్దిగా తిప్పండి. దానంతటదే కూర్చుంటుంది.

రెండూ కలిశాక, కారులోకి ఎక్కించకముందే రిలీజ్ ఫోర్కుని చేత్తో లాగి చూడండి. బేరింగ్ వంకర లేకుండా వెళ్లి రావాలి.

బాక్సు తోక, ప్రొపెల్లర్ షాఫ్ట్

కప్పీ మీద ఇంజిన్, బాక్సు కలిపి దించండి. టన్నెల్లో (సీట్ల మధ్య బాక్సుని కప్పే గూడు) ఒకటి రెండు చోట్ల రేకు తగలొచ్చు. తగిలిన చోట సుత్తితో లోపలికి ఒత్తితే చాలు, కోయకండి. క్రాస్ మెంబరు వదులుగా బిగించండి, చివరి బిగింపు తర్వాత.

ఎంజీబీ పాత బాక్సుకి తోకలో ఫ్లాంజు ఉంటుంది, షాఫ్ట్ పొడవు సర్దుకునే జారుడు కీలు షాఫ్టులోనే ఉంటుంది. టైప్ 9కి అలా కాదు. షాఫ్ట్ ముందు ఉండే యోకే (షాఫ్ట్ కొసన కీలు పట్టే ముక్క) బాక్సు తోకలోకి దూరి, అక్కడ ముందుకీ వెనక్కీ జారుతుంది. అందుకే పాత షాఫ్ట్ పనికిరాదు, కోసి కొత్త యోకు వెల్డింగ్ చేయించాలి.

పొడవు కొలిచేటప్పుడు కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండాలి. జాకీ మీద వెనక యాక్సిల్ వేలాడుతుంటే కొలత తప్పుతుంది. యోకుని బాక్సులోకి పూర్తిగా తోసి, అక్కడి నుంచి 20 నుంచి 25 మిల్లీమీటర్లు వెనక్కి లాగండి. ఆ స్థానంలో యోకు క్రాస్ మధ్య నుంచి డిఫరెన్షియల్ ఫ్లాంజు ముఖం దాకా ఎంతో, అది మీ కొలత. గుంటలో పడ్డప్పుడు యాక్సిల్ కదిలి షాఫ్ట్ ముందుకొచ్చినా లోపల ఖాళీ ఉంటుంది.

వెల్డింగ్ మన ఊళ్లోనే అవుతుంది కానీ, బ్యాలెన్సింగ్ చేయని షాఫ్ట్ ఎనభైలో మీ పళ్లు కదిలిస్తుంది. విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లి బ్యాలెన్స్ చేయించుకురండి. ఒక రోజు పోయినా పోనివ్వండి. వెల్డింగ్ చేసేవాడికి రెండు చివర్ల యోకులూ ఒకే వరసలో ఉండాలని నోటితో కాదు, పెయింటు గీతతో చెప్పండి.

ఇక వంపు. ఫోన్లో కోణం చూపే యాప్ ఉంటుంది. బాక్సు తోక ఎంత వాలిందో, డిఫరెన్షియల్ ముక్కు ఎంత వాలిందో చూడండి. రెండూ ఒకదానికొకటి సమాంతరంగా, తేడా ఒక డిగ్రీ లోపు ఉండాలి. ఎక్కువైతే క్రాస్ మెంబరు కింద పలచ రేకు ముక్కలు పెట్టి సర్దండి. మాకు ఒకే ముక్క, మూడు మిల్లీమీటర్లది సరిపోయింది. అప్పుడు బోల్టులన్నీ టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంత బిగించండి.

చిన్నవి, కానీ పొగ వచ్చేవి

రివర్స్ లైటు స్విచ్చి రెండు వైర్లు కలపండి. స్పీడో కేబులు బిగించండి. మీటరు తప్పు చూపిస్తుంది, ఫోన్ జీపీఎస్‌తో పోల్చి ఎంత తేడానో రాసిపెట్టుకోండి. స్లేవ్ సిలిండర్ బిగించి క్లచ్ లైను గాలి తీయండి.

ఇంజినుకి, బాడీకి మధ్య ఎర్త్ పట్టీ ఉంటుంది, చాలా కార్లలో అది బాక్సు దగ్గరే. కొత్త బాక్సుకి దాన్ని బిగించే చోటు కనపడక పక్కన పెట్టేస్తారు. మేమూ అదే చేశాం. కీ తిప్పగానే స్టార్టరు నీరసంగా మూలిగింది, డాష్‌బోర్డు దగ్గర చోక్ కేబులు నుంచి సన్నగా పొగ. బాడీకి వెళ్లాల్సిన కరెంటంతా ఆ సన్న తీగలోంచి వెళ్తోంది. ఇంకో పది సెకన్లు తిప్పుంటే ఎర్రగా కాలిపోయేది. పట్టీ పెట్టనిదే కీ ముట్టుకోకండి.

టైప్ 9లో పోసేది ఇంజిన్ ఆయిల్ కాదు, జీఎల్-4 గేర్ ఆయిల్. పక్కన ఉన్న ప్లగ్గు కన్నం నుంచి బొట్టు బొట్టుగా కారేదాకా పోయాలి, కారు చదునుగా ఉండాలి. ఈ బాక్సుకి కింద డ్రెయిన్ ప్లగ్గు ఉండదు. తర్వాత నూనె మార్చాలంటే అదే పక్క కన్నం నుంచి పశువులకి మందు పట్టే పెద్ద సిరంజికి సన్న గొట్టం తగిలించి లాగేయడమే.

నడిపి చూడటం

వెనక యాక్సిల్ స్టాండ్ల మీద, చక్రాలు గాలిలో ఉండగా, ముందు చక్రాలకి అడ్డు పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఒక్కో గేరూ వేయండి. క్లచ్ తొక్కితే రివర్స్ గరగరమనకుండా పడాలి. గరగరమంటే గాలి ఇంకా ఉంది, లేదా బుష్ షాఫ్టుని పట్టేస్తోంది. క్లచ్ తొక్కినప్పుడు మాత్రమే అరుపు వస్తే రిలీజ్ బేరింగ్ చూడండి. వదిలినప్పుడు, న్యూట్రల్లో అరిచి, తొక్కగానే ఆగితే ఇన్‌పుట్ బేరింగ్.

మొదటి రోజు ఊళ్లోనే, కాలువ గట్టు మీద, స్పీడ్ బ్రేకర్ల మీద. కింద ఏదైనా తగులుతోందా వినండి. తర్వాత ఏటిగట్టు ర్యాంపు మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వదులుతూ ఎక్కించండి. క్లచ్ వణుకుతోందో లేదో అక్కడ తెలుస్తుంది. ఆ తర్వాతే పెద్ద రోడ్డు. మేం 216 నంబరు హైవే మీద నరసాపురం వైపు నుంచి చించినాడ వంతెన దాటి దిండి దాకా వెళ్లాం. నలభై, అరవై, ఎనభై, ప్రతి వేగంలోనూ కాసేపు నిలకడగా. వణుకు ఒకే వేగంలో వచ్చి, గేరు మార్చినా అదే వేగంలో ఉంటే షాఫ్ట్ సంగతి. ఇంజిన్ చుట్లతో పాటు మారితే క్లచ్, ఫ్లైవీలు సంగతి. మాకు డెబ్బై అయిదులో చిన్న వణుకు వచ్చింది. షాఫ్ట్ వెనక ఫ్లాంజుని సగం చుట్టు తిప్పి బిగిస్తే పోయింది.

అయిదు వందల కిలోమీటర్లకి క్రాస్ మెంబరు, షాఫ్ట్, హౌసింగ్ బోల్టులు మళ్లీ ఒకసారి చూసుకోండి. నూనె మట్టం కూడా.

పాత బాక్సుని ఇనప సామాన్లవాడికి వేయొద్దు. రేపు కారు అమ్మితే కొనేవాడు మొదట అడిగేది అసలు బాక్సు ఉందా అనే. లోపల నూనె పోసి, కన్నాలు మూసి, బయట గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి, ఎన్ని గేర్లు, ఏ కారుదో చీటీ కట్టండి. మన ఉప్పుగాలికి గ్రీజు పూయని ఇనుము ఒక వానాకాలంలోనే ఎర్రబారుతుంది. నేల మీద మాత్రం పెట్టకండి, వరద నీళ్లు లోపలికొచ్చే ఊరైతే మరీనూ. ఆసామి బాక్సు ఇప్పుడు వాళ్ల మిల్లులో, ధాన్యం బస్తాల వెనక, అటక మీద ఉంది.